వనభోజనాలకు ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోవాలని రూలు పెట్టడం కరెక్టేనా?

పటమట_ఉసిరి:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు రోజుల నుంచి ఇదే గొడవ. ఈ కార్తీకమాసం వనభోజనాలకు పేపర్ ప్లేట్లు కొనొద్దు, ఎవరి కంచం, గ్లాసు వాళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోవాలని రూలు పెడదామన్నాను. సగం మంది సరే అన్నారు, మిగతావాళ్ళు చాదస్తం అంటున్నారు. బెజవాడ, గుంటూరు వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

పోయినేడు నూజివీడు వైపు మామిడితోటకు వెళితే, మాకంటే ముందు వచ్చిన వాళ్ళెవరో పడేసిపోయిన ప్లేట్లు, గ్లాసులు గట్టు పొడవునా ఉన్నాయి. సాంబారు వాసనకు రెండు ఆవులు వాటిని నములుతున్నాయి. ప్లాస్టిక్ ఆవు కడుపులోకి వెళితే అరగదు, బయటికీ రాదు, పేరుకుపోయి చివరికి ప్రాణం తీస్తుంది. ఉసిరిచెట్టుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని, దాని మొదట్లోనే చెత్త పోసి వచ్చే పండగ ఏం పండగ అని నాకు చాలా బాధేసింది.

కృష్ణలంక_కరకట్ట:
మీ ఉద్దేశం మంచిదేనమ్మా, కానీ రూలు అనేసరికి నాకు ఒప్పుదల లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి బెజవాడలో సింగ్ నగర్ అంతా రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి మా కృష్ణలంక వాళ్ళం రిటైనింగ్ వాల్ వైపు చూస్తూ రాత్రంతా మేలుకున్నాం. అదంతా ఎవరో పేపర్ ప్లేటులో తిన్నందుకు వచ్చింది కాదు కదా? వాగు పొడవునా ఆక్రమణలు, ఎప్పటికీ పూర్తికాని పనులు, అక్కడ ఉంది అసలు సమస్య. పెద్దవాళ్ళను అడగాల్సినవి వదిలేసి, ఇంట్లో ఆడవాళ్ళ మీద ఇంకో పని పెట్టడమే ఈ అలవాట్ల ప్రచారమంతా. తిన్న తర్వాత ఆ కంచాలు ఎవరు కడుగుతారో మీరే చెప్పండి.

బ్రాడీపేట_4వలైను:
మధ్యలో ఇంకో దారి ఉంది కదండీ, విస్తరాకు. మా అమ్మమ్మగారి ఊళ్ళో పెళ్ళికైనా, తద్దినానికైనా అడ్డాకు విస్తళ్ళే వేసేవాళ్ళు. తిన్నాక గోతిలో వేస్తే వానాకాలం పోయేసరికి మట్టిలో కలిసిపోయేవి. మన్యంలో గిరిజన మహిళలకు ఆ ఆకు ఏరడం, కుట్టడం కొంత ఆదాయం కూడా. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, కొన్ని ప్లేట్లకు పైన ఆకు ఉంటుంది, కింద అతికించింది ప్లాస్టిక్ పూత ఉన్న అట్ట. అవి మట్టిలో కలవవు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు దేశమంతా నిషేధం. అందుకే ఇప్పుడందరూ పేపర్ ప్లేట్లు అంటున్నారు. పులుసు పోసినా తడవకుండా ఉండేవాటిలో చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. టీ తాగే పేపర్ కప్పులదీ అదే సంగతి.

వంట_మేస్త్రి_తెనాలి:
నేను కార్తీకంలో ప్రతి ఆదివారం వనభోజనాలకు వండుతాను కాబట్టి చెబుతున్నా. స్టీలు కంచాలు షామియానా షాపులో అద్దెకు దొరుకుతాయి, ఇంటి నుంచి మోయక్కర్లేదు. తోటలో మోటారు ఉందో లేదో ముందే కనుక్కోండి. నీళ్ళు లేకపోతే విస్తరాకే మంచిది, ట్యాంకరు తెప్పించి కంచాలు కడగడం దండగ. కడగడానికి మనుషులను పెట్టుకుంటే వాళ్ళకు కూలి ఇవ్వండి, మీ ఇంటి ఆడవాళ్ళ మీద తోయొద్దు. కృష్ణలంక అన్న అడిగినది న్యాయమైన ప్రశ్నే.

కానీ మీరందరూ ప్లేటు గురించే మాట్లాడుతున్నారు, ప్లేటులో మిగిలేది ఎవరూ చూడట్లేదు. పులిహోర, చక్రపొంగలి, పూర్ణాలు, గారెలు, రెండు కూరలు, పైన బిర్యానీ కూడా చెబుతున్నారు ఈ మధ్య. సగం తిని వదిలేస్తారు. వండినవాడికి అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ అన్నం కవరులో మూటకట్టి డంపింగ్ యార్డుకు పోతే గాలి తగలక కుళ్ళి మీథేన్ వస్తుంది, వేడి పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రకాలు తగ్గించండి, అడిగి వడ్డించండి. బఫే పెట్టకుండా బంతి భోజనం పెడితే వృథా సగానికి సగం తగ్గడం నా కళ్ళతో చూశాను.

పటమట_ఉసిరి:
మేస్త్రిగారూ, బంతి భోజనం సంగతి నాకు తట్టనే లేదు, ఇవాళే గ్రూపులో పెడతాను.

కరకట్ట బాబాయ్‌గారూ, బుడమేరు గురించి మీరన్నదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనను. ఆక్రమణలు తీయాలి, గట్లు కట్టాలి, అది ప్రభుత్వమే చేయాలి. కానీ అది చేసేదాకా మన చేతిలో ఉన్నది వదిలేయాలా? బెజవాడ మధ్యలో నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పోతున్నాయి. ఎండాకాలం నీళ్ళు కట్టేసినప్పుడు ఏ వంతెన మీద నుంచైనా ఒకసారి కిందికి చూడండి, అడుగంతా కవర్లే. ఆ కాలువ నీళ్ళతోనే కింద డెల్టా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. అంటే మనం విసిరింది బందరు వైపు ఎవరో తాగే నీళ్ళలోకి పోతోంది. ఆ కవరు మాత్రం ప్రభుత్వం విసిరింది కాదు, మనలో ఎవరో విసిరిందే.

ఇంకో మాట. కాలువను, చెట్టును తనది అనుకున్న మనిషే రేపు బుడమేరు గురించి గట్టిగా అడుగుతాడని నా నమ్మకం. మా అపార్ట్‌మెంట్ పిల్లలు కొండపల్లి బొమ్మలతో ఆడతారు, ఆ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి చెట్టు ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదు. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో పెలికాన్లు గూళ్ళు పెడతాయి, అదీ చూడలేదు. వనభోజనాలంటే ఏడాదికి ఒక్కసారైనా చెట్టు కింద కూర్చోవడం. అక్కడైనా పిల్లలకు ఇది ఉసిరి, ఇది రావి, ఇది మారేడు అని చూపించకుండా తంబోలా ఆడించి తీసుకొచ్చేస్తే ఎలా?

కృష్ణలంక_కరకట్ట:
పిల్లలకు చెట్లు చూపించడం బాగుంది, దానికి నేను ముందుంటాను. కాలువ సంగతి కూడా ఒప్పుకుంటున్నా. రూలు మాత్రం వద్దు. రూలు పెడితే పెద్దావిడ ఎవరో మోయలేక రావడమే మానేస్తుంది. మగవాళ్ళు కడుగుతాం అని మీ గ్రూపులో ఒక పదిమంది పేర్లు రాయించండి, అప్పుడు కంచాలు పెట్టుకోండి. పేర్లు రాకపోతే విస్తరాకులు తెప్పించుకోండి.

పటమట_ఉసిరి:
ఇది బాగుంది. రూలు మాట తీసేసి పేర్ల లిస్టు మొదలుపెడుతున్నా, మొదటి పేరు మా ఆయనది. బ్రాడీపేట అండీ, అట్ట లేని అసలు అడ్డాకు విస్తళ్ళు గుంటూరులో ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరా, పేర్లు చాలకపోతే అవే తెప్పిస్తాం.