అమ్మానాన్నలతో టింబర్‌లైన్ లాడ్జ్‌కు ఒక్కరోజు ప్రయాణం: సలహా కావాలి

నమస్కారం. గుంటూరు నుండి మా దగ్గరకు వచ్చిన అమ్మకు ఒక్కసారైనా మంచును చేత్తో తాకాలని ఎంతో కోరిక. అందుకని జనవరిలో ఒక శనివారం అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్న పోర్ట్‌లాండ్ నుండి బయలుదేరి, మౌంట్ హుడ్ పర్వతంపై సుమారు 6,000 అడుగుల ఎత్తున, 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రారంభించిన టింబర్‌లైన్ లాడ్జ్ చూసి, చీకటి పడేలోగా తిరిగి రావాలనుకుంటున్నాము. స్నో పార్క్ పర్మిట్ (చలికాలంలో మంచు ప్రాంతాల్లో కారు నిలిపేందుకు అనుమతి), చక్రాలకు గొలుసులు తీసుకున్నాను గానీ, గవర్నమెంట్ క్యాంప్ అనే ఊరు దాటాక పైకి ఎక్కే ఆరు మైళ్ల మలుపుల దారిలో, మంచు మీద కారు నడిపిన అనుభవం నాకు లేదు. దారిలో ఉన్న శాండీ అనే ఊరి నుండి బస్సులో వెళ్లడమే మేలంటారా?

అమ్మకు మోకాళ్ల నొప్పులు. కారు దిగిన చోటు నుండి లోపలి పెద్ద రాతి పొయ్యి దాకా మెట్లు ఎక్కువగా ఉంటాయా? గది తీసుకోని వారిని అక్కడ కాసేపు కూర్చోనిస్తారా? పెద్దవారిని తీసుకువెళ్లినవారు దయచేసి తెలుపగలరు.