టాండెమ్ ట్రిపుల్ క్రాంకుకి డీఐ2 బిగించాను, మూడో చక్రం ఎక్కడం లేదు

భీమిలిరోడ్డు (శనివారం రాత్రి 11:20)
సాయంత్రం అయిదింటికి కూర్చున్నాను, ఇంకా లేవలేదు. మా టాండెమ్‌కి (ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తొక్కే సైకిల్) పాత గేరు తీగలన్నీ పీకేసి షిమానో డీఐ2, అంటే బటన్ నొక్కితే మోటారు మార్చే ఎలక్ట్రానిక్ గేర్లు పెట్టాను. వెనక గేర్లు చాలా బాగా పడుతున్నాయి. ముందు పెడళ్ళ దగ్గరున్న మూడు పళ్ళ చక్రాల్లో మాత్రం చైను చిన్న చక్రం నుంచి మధ్య చక్రానికి ఎక్కి అక్కడే ఆగిపోతోంది. పెద్ద చక్రానికి ఎంత నొక్కినా పోదు. స్క్రూ తిప్పితే మధ్యది వదిలేసి నేరుగా పెద్దదాని మీదికి పోబోయి చైను ఇరుక్కుంటోంది. ఫర్మ్‌వేర్ రెండుసార్లు అప్‌డేట్ చేశాను. యాప్‌లో మూడు చక్రాలు అని ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి. వచ్చే ఆదివారం శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కుదామని తమ్ముడికి మాటిచ్చాను.

రెంచ్12
ముందు డిరైలర్ (చైనుని పక్క చక్రం మీదికి తోసేది) మోడల్? వెనక హబ్ (చక్రం నడిమి భాగం) వెడల్పు? పళ్ళ లెక్క? ఫొటో పెట్టండి.

భీమిలిరోడ్డు
డీఐ2 అండి, 11 స్పీడు. మోడల్ ఏదైతే ఏముంది, సెట్టింగు ఎక్కడుందో చెబితే చాలు.

సాగరతీరం
బాబూ, గేర్ల సంగతి తర్వాత. విశాఖలో సైకిలంటే మొదటి శత్రువు ఉప్పు గాలి. బీచ్‌రోడ్డు మీద నాలుగు నెలలు తిరిగిన సైకిల్‌కి అల్యూమినియం చైన్‌రింగు బోల్టు విప్పి చూడండి, తెల్లగా బూజులా పట్టి ఉంటుంది. స్టీలు, అల్యూమినియం కలిసిన చోట ఉప్పు నీరు చేరితే రెండూ అంటుకుపోతాయి. ప్రతి బోల్టుకీ గ్రీజు రాశారా? టాండెమ్‌కి ఇది ఇంకా ముఖ్యం, ఎడమ పక్క ఇద్దరి పెడళ్ళనీ కలిపే టైమింగ్ చైను ఉంటుంది కదా. దాన్ని బిగించడానికి ముందు మనిషి పెడల్ ఇరుసు దగ్గర ఎక్సెంట్రిక్ గూడు (తిప్పితే ఇరుసు ముందుకీ వెనక్కీ జరిగేది) ఉంటుంది. ఏడాదిపాటు దాన్ని కదపకపోతే మన గాలికి అది ఫ్రేములోనే అతుక్కుపోతుంది. నేను ఒకదాన్ని రెండు రోజులు నూనె పోసి ఊడదీశాను. ముందు అది చూసుకోండి, ఎలక్ట్రానిక్ తర్వాత.

ఘాట్‌పిచ్చి
సాగరతీరం గారు చెప్పింది నిజమే గానీ ఆయన అడిగింది అది కాదు. ఇంకో మాట, "ట్రిపుల్ క్రాంకు" అనకండి. క్రాంకు అంటే కడ్డీ. మూడు ఉన్నవి చైన్‌రింగులు.

గాజువాక గ్యారేజి
షాపుకొచ్చి "ట్రిపుల్ క్రాంకు" అంటేనే మాకు అర్థమవుతుంది. మా దగ్గర దాన్ని చైన్‌వీల్ సెట్టు అంటాం. వెనక క్యాసెట్‌ని (పళ్ళ చక్రాల గుత్తిని) కూడా సగం మంది ఫ్రీవీల్ అంటారు, ఏ సరుకు కావాలో అడిగి ఇస్తాం.

ఘాట్‌పిచ్చి
ఫ్రీవీల్ వేరు, క్యాసెట్ వేరు. ఫ్రీవీల్ హబ్ మీద స్క్రూలా తిరిగి బిగుసుకుంటుంది, తిరిగే యంత్రం దానిలోనే ఉంటుంది. క్యాసెట్ గాడుల్లోకి దిగుతుంది, తిరిగేది హబ్‌లో ఉంటుంది. పేరు తప్పు చెబితే తప్పు సామాను ఇంటికొస్తుంది, నాకు రెండుసార్లు అయింది. అందుకే అంటున్నాను.

రెంచ్12
మోడల్ నంబరు.

భీమిలిరోడ్డు
సరే అండి, టార్చి వేసి చూశాను. ముందుది ఎఫ్‌డీ-6870, వెనకది అదే సిరీస్ పొడవు కేజ్ (చైనుని పట్టి ఉంచే చట్రం), క్యాసెట్ 11–32 పళ్ళు. ముందు 52–39–30. హబ్ 145 మి.మీ. క్రాంకు పాతదే, చదరం ఇరుసు, బోల్టుల వలయం వ్యాసం పెద్ద రెండింటికీ 130 మి.మీ., చిన్నదానికి 74. ఇవన్నీ ముందే రాయాల్సిందని తెలియలేదు, క్షమించండి. తమ్ముడికి చూపు లేదు, అందుకే టాండెమ్. పాత తీగ ముందు హ్యాండిల్ నుంచి వెనక డిరైలర్ దాకా అంత పొడుగు ఉండేసరికి లాగి లాగి సాగిపోయేది, ఎక్కుడులో గేరు పడక చైను జారేది. అప్పుడు వాడికి పెడల్ ఒక్కసారి ఖాళీగా తిరిగిపోతుంది, ఏమైందో కనపడక భయపడతాడు. అది పోవాలనే ఈ ఖర్చంతా.

రెంచ్12
6870 రెండు చక్రాలకే. మూడో స్థానం లేదు. యాప్‌లో వెతకడం ఆపండి.

భీమిలిరోడ్డు
లేదా? అమ్మినాయన "ట్రిపుల్‌కి కూడా పనిచేస్తుంది" అన్నాడే.

డెరైల్యూర్‌దాసు
రెంచ్12 చెప్పింది నిజం, కాస్త వివరంగా చెబుతాను. షిమానో రోడ్డు డీఐ2లో 2009లో వచ్చిన మొదటి డ్యూరా-ఏస్ మొదలు ముందు డిరైలర్లన్నీ రెండు చక్రాలకే. దాని మోటారుకి లోపల, బయట అనే రెండే చోట్లు తెలుసు. మూడు చక్రాలకి పనిచేసేవి మౌంటెన్ బైకు వైపు వచ్చాయి, ఎక్స్‌టీఆర్ ఎఫ్‌డీ-ఎం9070, తర్వాత ఎక్స్‌టీ ఎఫ్‌డీ-ఎం8070. వాటిని రోడ్డు లివర్లతో నడపొచ్చు. అయితే వెనక డిరైలర్ కూడా మౌంటెన్ రకమే ఉండాలి, ఒకటి రోడ్డుది ఒకటి మౌంటెన్‌ది కలిపితే పనిచేయవు. ఇక్కడే మీకు పెద్ద అడ్డు ఉంది. ఆ ముందు డిరైలర్ కేజ్ వంపు 40–30–22 ట్రిపుల్‌కి చేసింది. మీ క్రాంకు మీద 130 వలయానికి 38 పళ్ళ కంటే చిన్న చక్రం పట్టదు. అంటే పెద్దది 40 పెడితే మధ్యది 38, ఇక ట్రిపుల్ ఎందుకు?

గాజువాక గ్యారేజి
క్రాంకు మార్చేస్తే పోలే?

డెరైల్యూర్‌దాసు
టాండెమ్‌లో ఆ మాట అంత తేలిక కాదు. కానీ చదరం ఇరుసు కాబట్టి ఒక దారి ఉంది. టైమింగ్ చైను ఎడమ పక్క, గేర్ల చైను కుడి పక్క. వెనక కూర్చునేవారి కుడి కడ్డీ మాత్రం మామూలు ట్రిపుల్ కడ్డీయే, అదొక్కటే మార్చొచ్చు. పొడవు సరిపోవాలి, చదరం కొలత జపాన్ రకమా యూరప్ రకమా చూసుకోవాలి. 145 హబ్‌లో క్యాసెట్ 130 హబ్ కంటే దాదాపు 7.5 మి.మీ. బయటికి జరిగి ఉంటుంది. మౌంటెన్ ట్రిపుల్ చైన్‌లైన్ (ఫ్రేము నడిమి గీత నుంచి ముందు చక్రాల వరస దాకా దూరం) 50 మి.మీ. లెక్క, రోడ్డు డబుల్‌ది 43.5. అందుకే టాండెమ్‌కి మౌంటెన్ సామాను వరస బాగా కుదురుతుంది. కానీ ముందు, వెనక డిరైలర్లు రెండూ, కడ్డీ, చక్రాలు కొనాలి.

పాతలివర్
ఇంత అవసరమా? ముందు పాత డిరైలరే పెట్టి, ఫ్రిక్షన్ లివర్ (క్లిక్కులు లేకుండా తీగని చేత్తో లాగేది) ఒకటి బిగించండి. వెనక ఒక్కటే డీఐ2తో నడుస్తుంది, ముందుది లేకపోయినా అది ఏమీ అనదు. ఆ లివర్ తమ్ముడి హ్యాండిల్ మీద పెట్టండి. తీగ పొడవు సగానికి సగం తగ్గుతుంది, చేతికి తగిలే బిగువుతో ఏ చక్రం మీద ఉందో ఆయనకే తెలుస్తుంది. మీరు "చిన్నది" అంటే ఆయన వేస్తాడు. ఇక చెప్పకుండా పెడల్ ఖాళీ అవ్వదు.

భీమిలిరోడ్డు
ఈ మాట నాకు తట్టనే లేదు. పొద్దున్నే వాడిని అడుగుతాను.

సాగరతీరం
ఆ లివర్ తీగకి కూడా ఉప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తీగే తీసుకోండి.

డెరైల్యూర్‌దాసు
లివర్ వద్దనుకుంటే మూడో దారి, ఖర్చు అన్నిటికంటే తక్కువ. 52ని తీసేయండి. మధ్య చోటులో 130 వలయం 46 చక్రం, లోపల మీ పాత 30 అలాగే. తేడా 16, 6870కి సరిగ్గా పట్టే హద్దు. వెనక 11–32 తేడా 21, రెండూ కలిపి 37, మీ పొడవు కేజ్‌కి కూడా అదే హద్దు. చూడండి, ఘాట్ మీద మీకు కావలసిన ముందు 30, వెనక 32 గేరు చెక్కుచెదరదు. పోయేది పైది మాత్రమే. 46–11 మీద నిమిషానికి 90 తొక్కుళ్ళకి గంటకి 47 కి.మీ. దాకా వస్తుంది. భీమిలి రోడ్డు మీద ఇద్దరికీ అది చాలదా?

ఘాట్‌పిచ్చి
కానీ 46 నుంచి 30కి దిగితే పెద్ద దూకుడు. మధ్యలో 39 ఉండటమే ట్రిపుల్ సుఖం. కాళ్ళ వేగం ఒక్కసారిగా మారితే వెనకాయనకి ఇబ్బంది.

డెరైల్యూర్‌దాసు
నిజమే. దిగేటప్పుడు వెనక రెండు మూడు పళ్ళెలు బరువు వైపు వేసుకోవాలి, "దించుతున్నా" అని ముందే చెప్పాలి. అలవాటవుతుంది.

రెంచ్12
కొనేముందు కొలవండి. సీటు ట్యూబు మధ్య నుంచి మధ్య చక్రం పళ్ళ దాకా ఎన్ని మి.మీ.? 46, 47 అయితే 6870 అందుకుంటుంది. తక్కువైతే ఇరుసు మార్చాలి.

గాజువాక గ్యారేజి
ఇరుసు పొడుగుది వేస్తే ఎడమ పక్క కూడా బయటికి జరుగుతుంది. అప్పుడు టైమింగ్ చైను వెనక ఒక వరసలో, ముందు ఒక వరసలో పడుతుంది. రెండు ఇరుసులూ చూడాలి. స్కేలు పెట్టి చూడకుండా ముట్టుకోవద్దు. 52 తీసేస్తే బోల్టులు కూడా పొట్టివి కావాలి, ఉన్నవాటితో 46 కదులుతుంది.

సాగరతీరం
బోల్టులకి గ్రీజు.

భీమిలిరోడ్డు (ఆదివారం ఉదయం 8:05)
తమ్ముడిని అడిగాను. లివర్ తన చేతికి ఇస్తానంటే పొద్దున్నుంచీ అదే మాట, "ఏ పక్కకి తిప్పితే చిన్నది?" అని అడుగుతున్నాడు. ముందు అది పెట్టి చూస్తాం, 46 సంగతి తర్వాత. పాత డిరైలర్ అటక మీద ఉంది. అందరికీ థాంక్స్.

రెంచ్12
కొలత ఎంత వచ్చింది?

ఘాట్‌పిచ్చి
భీమిలిరోడ్డు గారూ, ఘాట్ ఎక్కే ముందు కైలాసగిరి మీద ఒకసారి తొక్కి చూసుకోండి. ఎలా ఉందో ఇక్కడ రాయండి.

రెంచ్12 (బుధవారం)
కొలత?