సమస్య: తిరుగుచున్న యపుడె దీని నిదుర

గంటస్తంభం (నిర్వాహకుడు): నిన్న మనవడు ఏటికొప్పాక లక్క బొంగరం తిప్పుతుంటే తట్టిన పాదమిది. దీంతో ముగిసేలా పద్యం పూరించండి. షరతు ఒక్కటే. ‘బొంగరం’ అనకూడదు, ఇంగ్లీషు ‘టాపు’ రావాలి.

చీపురుపల్లి మేష్టారు:
తాడు చుట్టి విసర టాపది నేలపై
కొనను మోపి నిలుచు కొయ్యవోలె
గిర్రుమనుచు నుండి కిక్కురుమనదాయె
తిరుగుచున్న యపుడె దీని నిదుర

బొబ్బిలి కుర్రాడు: టాప్ అంటే శిఖరం కదండీ? మధ్యలో నిద్రెందుకొచ్చింది?

చీపురుపల్లి మేష్టారు: ఆటవస్తువునీ టాప్ అనే అంటారు నాయనా. అది తూలకుండా నిటారుగా, ఉన్నచోటే తిరుగుతుంటే ఇంగ్లీషువాళ్లు ‘నిద్రపోతోంది’ అంటారు. ఒళ్లెరగకుండా పడుకున్నవాణ్ణి ‘టాప్‌లా నిద్రపోయాడు’ అనడమూ ఉంది. వేగం తగ్గాక తల ఊపుతుంది చూడు, అదే మెలకువ.

నాగావళి: ‘కిక్కురుమనదాయె’ భేష్ మేష్టారూ. కానీ ‘తా’కి ‘టా’తో యతేటండీ, రెండూ వేరు వేరు అక్షరాలు కదా? పోయిన సిరిమాను జాతర పూరణలో నాకో లఘువు ఎక్కువైందని మూడు రోజులు ఏకిపారేశారు!

చీపురుపల్లి మేష్టారు: ఇంగ్లీషువాడికి ట, త రెండింటికీ ఒకటే అక్షరం. మాట వాడిది, యతీ వాడిదే. అన్నట్టు మీకు ఎక్కువైంది ఒక లఘువు కాదు, రెండు.

నాగావళి: రెండోది టైపింగ్ తప్పని అప్పుడే చెప్పాను. మీ మొదటి పాదాన్ని, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతితో సరిచేస్తున్నా, రాసుకోండి: ‘ఆపు లేక యాడు టాపది నేలపై’.

చీపురుపల్లి మేష్టారు: యతి కుదిరింది, తాడు పోయింది. చుట్టకుండా ఎలా ఆడుతుందో మరి! సిరిమాను పద్యంలోనూ అంతే, మాను ఉంది గానీ దాని మీద పూజారి లేడు.

గంటస్తంభం: మాను సంగతి వేరే చోట తేల్చుకోండి బాబూ.

రాజాం కోడలు:
అమ్మ భుజము నందు హాయిగా పవళించు
కూరుచున్న లేచి కూత పెట్టు
అలసిపోతినమ్మ, యర్ధరాత్రి గడిచె
తిరుగుచున్న యపుడె దీని నిదుర

నాగావళి: అబ్బ! ‘దీని’ని ఆడపిల్లని చేసేశారు. ఇంతమందిమి బొంగరం చుట్టూనే తిరిగాం.

గంటస్తంభం: బాగుందమ్మా, కానీ టాపేదీ?

రాజాం కోడలు: భుజం మీదుంది బాబాయ్ గారూ. కూర్చుంటే లేస్తుంది, నడుస్తూనే టైపు చేస్తున్నా. మార్కులు తగ్గించుకోండి.

చీపురుపల్లి మేష్టారు: నాలుగు పాదాల్లోనూ యతి చక్కగా పడిందమ్మా. నడుస్తూ టైపు చేసినా తప్పు దొర్లలేదు. నాగావళిగారు గమనించాలి.