ఆటలతో చెబితే పిల్లలకు నిజంగా అర్థమవుతోందా?

లెక్కల టీచర్:
ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. వారానికి రెండుసార్లు టైమర్, పాయింట్లు ఉండే క్విజ్ ఆట పెడుతున్నా. హుషారు మామూలుగా లేదు, గంట కొట్టినా లేవరు. కానీ నిన్న కాగితం మీద 1/4, 1/8లలో ఏది పెద్దదని అడిగితే, ఆటలో ఎప్పుడూ ముందుండే అబ్బాయే 1/8 అని రాశాడు. ఎందుకురా అంటే, "నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా టీచర్!" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ అనుభవాలు చెప్పండి.

వేకువ:
మా పాపది ఇంకో బాధండి. టైమర్ కనబడితే టెన్షన్. ప్రశ్న సగం చదివి ఏదో ఒకటి నొక్కేస్తుంది. పట్టికలో పేరు కిందికి జారితే ఇక ఆడదు. ముందున్న నలుగురికే ఆ హుషారంతా.

పాత మాస్టారు:
టీచర్ గారూ, లోపం ఆటలో ఉంది, పిల్లాడిలో కాదు. 2008లో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ పరిశోధకులు చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వరసగా 1 నుంచి 10 దాకా అంకెలున్న ఆట పలక, కొందరికి గళ్లలో రంగులే ఉన్న పలక. ఆడే తీరు ఒకటే. అంకెలు పైకి చెబుతూ కాయ జరిపినవాళ్లకే సంఖ్యల మీద పట్టు పెరిగింది, రంగులవాళ్లకు పెరగలేదు. వేసే ఎత్తులోనే లెక్క ఉండాలి. మీ క్విజ్‌లో భిన్నాలు తీసేసి రాజధానుల పేర్లు పెట్టినా ఆట అలాగే నడుస్తుంది కదా?

వేకువ:
బహుమతుల సంగతీ చూడాలండి. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపితే, తర్వాత వాళ్లంతట వాళ్లు గీయడం తగ్గిందని 1973లోనే తేలింది.

లెక్కల టీచర్:
రెండు వారాలైంది, చెబుదామని వచ్చాను. టైమర్ తీసేశా. అందరికీ ఒకే పొడవు కాగితం పట్టీ ఇచ్చాను. పాచిక మీద 1/2, 1/4, 1/8. ఏది పడితే ఆ ముక్క పట్టీ మీద పేర్చాలి, పట్టీ సరిగ్గా నిండితే గెలిచినట్టు. మొదటిరోజే 1/8 పడినప్పుడల్లా "అయ్యో, చిన్న ముక్క!" అని మూలుగులు. ఆట అయ్యాక పది నిమిషాలు ఎవరు ఎలా నింపారో చెప్పిస్తున్నా. ఆ అబ్బాయి రెండు 1/8 ముక్కలు తీసి 1/4 మీద పెట్టి, కాసేపు అలాగే చూసి, పక్కవాడిని పిలిచి చూపించాడు. 3/8, 1/2 పోల్చమంటే మాత్రం ఇంకా తడబడుతున్నారు. వచ్చే వారం దాని పని పట్టాలి.