మానసిక అనారోగ్యంపై రీసర్వే మెడికల్ బోర్డు: మా వారిని ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న
పలమనేరు దగ్గరి పల్లె నుంచి, ఒక మాజీ హవల్దారు భార్య

అందరికీ నమస్కారం. మా వారు పదాతిదళంలో హవల్దారుగా పనిచేశారు. జమ్మూ కాశ్మీరులో నియంత్రణ రేఖ దగ్గర రెండోసారి పోస్టింగులో ఉన్నప్పుడు ఆయనకు నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం మొదలై, మిలిటరీ ఆసుపత్రిలో చేర్చి, ఎస్-త్రీ (మానసిక ఆరోగ్యం తగ్గినవారికి ఇచ్చే సైనిక వైద్య శ్రేణి) కేటగిరీలో పెట్టి, చివరికి డిప్రెషన్ అని రాసి సర్వీసు నుంచి పంపించారు. అప్పటి మెడికల్ బోర్డు వైకల్యాన్ని 30 శాతంగా నిర్ణయించి, సర్వీసు వల్లనే జబ్బు ముదిరిందని ఒప్పుకుంది గానీ, దానిని శాశ్వతమని రాయకుండా గడువు పెట్టింది. ఆ గడువు ముగుస్తున్నందున వచ్చే నెల సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో రీసర్వే బోర్డు, అంటే వైకల్యాన్ని మళ్ళీ అంచనా వేసే మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలని లేఖ వచ్చింది.

నా భయమంతా ఒక్కటే. డాక్టరు ఎవరైనా సరే "ఎలా ఉన్నారు" అని అడగగానే ఆయన నిటారుగా నిలబడి "బాగున్నాను సార్" అంటారు. ఇంట్లో మాత్రం అర్ధరాత్రి లేచి పశువుల కొట్టం చుట్టూ తిరుగుతారు, టమోటా మండీకి కాయలు తీసుకుపోవడం పూర్తిగా మానేశారు, ఊళ్ళో గంగమ్మ జాతర జరిగినన్నాళ్ళూ టపాకాయల చప్పుడుకు తలుపులు వేసుకుని లోపలే ఉంటారు. బోర్డుకు ముందు కొన్నాళ్ళు మాత్రలు మానేస్తే జబ్బు బాగా కనబడుతుందని బంధువు ఒకాయన సలహా ఇచ్చారు. అది నాకు మంచిదనిపించడం లేదు. ఏ కాగితాలు తీసుకువెళ్ళాలి, ఆయనేం చెప్పాలి, నన్ను లోపలికి రానిస్తారా, తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు
చిత్తూరు నుంచి, ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి రిటైరైన సుబేదారు

అమ్మా, ముందుగా ఆ మాత్రల సంగతి. ఒక్క పూట కూడా మానవద్దు. ఎందుకో డాక్టర్లు నాకన్నా బాగా చెబుతారు గనుక నేను బోర్డు పని తీరు గురించి రాస్తాను.

మీ వారి విషయంలో జబ్బుకూ సర్వీసుకూ సంబంధం ఉందన్నది ముందే తేలింది కాబట్టి, రీసర్వే బోర్డు ముఖ్యంగా చూసేది ఇప్పుడు వైకల్యం ఎంత శాతం ఉంది, అది ఎంతకాలం ఉంటుంది అన్న రెండు విషయాలే. 20 శాతం కన్నా తగ్గితే పెన్షన్‌లోని వైకల్య భాగం ఆగిపోతుంది. 20 నుంచి 50 లోపు ఎంత వచ్చినా దానిని 50గా, 50 నుంచి 75 వరకు వస్తే 75గా, ఆపైన వస్తే 100గా లెక్కగట్టే పద్ధతి 1996 జనవరి 1 నుంచి అమలులో ఉంది. నూరు శాతానికి చివరి జీతంలో 30 శాతం చొప్పున వైకల్య భాగం వస్తుంది కాబట్టి, 50గా లెక్కిస్తే జీతంలో 15 శాతం అవుతుంది. ఆసుపత్రికి బయలుదేరే ముందు మీ వారి పీపీఓలో (పెన్షన్ మంజూరు ఉత్తర్వులో), రక్షణ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లోని ఖాతాలో ఇప్పుడు ఎంత శాతం నమోదై ఉందో చూసుకోండి. బోర్డు 30 అని రాసినా పెన్షన్ 50కి రావలసి ఉండగా, 30కే వస్తున్న కుటుంబాలను మన జిల్లాలోనే చూశాను.

రక్షణ శాఖ 2001 ఫిబ్రవరి 7న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం శాశ్వత స్వభావం ఉన్న వైకల్యానికి బోర్డు ఇచ్చిన శాతం జీవితాంతం వర్తిస్తుంది, పింఛనుదారు తానుగా కోరితే తప్ప మళ్ళీ మళ్ళీ పరీక్షించరు. అందువల్ల ఇన్నేళ్ళ చికిత్స తర్వాత కూడా జబ్బు నిలిచే ఉందని చూపగలిగితే, ఈసారి గడువు లేకుండా జీవితకాలానికి నిర్ణయించమని మీ వారు వినయంగా అడగవచ్చు. అడగడంలో తప్పేమీ లేదు.

కాగితాల్లో డిశ్చార్జి బుక్, పీపీఓ, పాత మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, మిలిటరీ ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పులు, మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కార్డు, బోర్డు లేఖ తప్పనిసరి. అయితే వీటన్నిటికన్నా బరువైనది, సర్వీసు వదిలిన నాటి నుంచి ఇప్పటివరకు తెగిపోకుండా సాగిన వైద్యం దస్త్రం. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో మాత్రలు తీసుకున్న చీటీలు, ప్రైవేటు డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్లు, తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపించి ఉంటే ఆ ఓపీ చీటీలు, ఏది దొరికితే అది తేదీల వరుసలో కుట్టి, ఒక జిరాక్సు సెట్టు వేరుగా పెట్టుకోండి. మధ్యలో కాగితాలు పోయి ఉంటే కంగారు పడకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 25వ సెక్షను రోగికి తన వైద్య రికార్డులు పొందే హక్కునిచ్చింది. మీ వారి పేరుతో ఒక దరఖాస్తు రాసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. దరఖాస్తు రాయడానికి ఇబ్బందైతే చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి.

మీరు లోపలికి రావడమన్నది పరీక్షించే సైకియాట్రిస్టు ఇష్టం. ముందుగానే "నేను భార్యను, రోజూ ఈయనను చూసేదాన్ని, రెండు మాటలు చెప్పాలి" అని కోరండి. పిలవకపోయినా నష్టం లేకుండా మీరు చూసినవన్నీ ఒక పేజీలో రాసి, సంతకం చేసి, కాగితాలతో పాటు ఇవ్వండి.

జవాబు
తిరుపతి నుంచి, ఒక మానసిక వైద్యురాలు

సుబేదారు గారు చెప్పినదానికి వైద్యం వైపు నుంచి కొంత చేర్చాలి.

డిప్రెషన్‌కు వాడే మాత్రలను ఉన్నట్టుండి ఆపితే తలతిప్పు, చిరాకు, నిద్రలేమి, ఒళ్ళంతా కరెంటు తగిలినట్టుండే జలదరింపు రావచ్చు, అణగి ఉన్న జబ్బు తిరగబెట్టవచ్చు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కూడా బలపడవచ్చు. పైగా చికిత్స సరిగా తీసుకోవడం లేదని దస్త్రంలో పడితే, జబ్బు తీవ్రత మీద కాక మీ వారి నిర్లక్ష్యం మీదకు చర్చ మళ్ళుతుంది. మాత్రలు వేసుకుంటూ కూడా ఆయన మండీకి వెళ్ళలేకపోతున్నారన్నదే బోర్డుకు తెలియవలసిన నిజం. నటించమని చెప్పేవారి మాట కూడా వినకండి. గంటసేపు మాట్లాడితే నటన ఎక్కడో ఒకచోట అతుకు విడిపోతుంది, అప్పుడు నిజమైన బాధను కూడా నమ్మరు.

అయితే నా అనుభవంలో సైనికుల కుటుంబాలలో అతి చేసేవారికన్నా దాచేవారే చాలా ఎక్కువ. పరీక్షించే డాక్టరు మనిషి నడక, చూపు, మాట వేగం గమనిస్తారు, నిద్ర, ఆకలి, జ్ఞాపకం, భయాలు, మద్యం గురించి అడుగుతారు. "బాగున్నాను" అన్న మాట విన్నప్పుడు ఆయన దానినే రాసుకోవలసి వస్తుంది. అందుకే మీ వారికి జవాబులు బట్టీ పట్టించకండి గానీ, ఇప్పటి నుంచి రోజూ రాత్రి ఒక నోటుపుస్తకంలో ఆ రోజు ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ పని మొదలుపెట్టి వదిలేశారు, ఎవరితో మాట్లాడారు, ఎందుకు కోపం వచ్చింది అన్నవి మీరిద్దరూ కూర్చుని రాయండి. మంచి రోజులు ఉంటే అవి కూడా రాయాలి. "నాకు నిద్ర పట్టదు" అనడానికీ, "వారంలో నాలుగు రాత్రులు రెండు గంటలకే లేచి తెల్లవారే దాకా కొట్టం చుట్టూ తిరుగుతాను" అనడానికీ డాక్టరుకు అందే సమాచారంలో చాలా తేడా ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాలలో మానసిక వైకల్యాన్ని కొలవడానికి మేము ఐడియాస్ అనే కొలమానం వాడతాం. అందులో తనను తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పడం అర్థం చేసుకోవడం, పని చేయడం అనే నాలుగు భాగాలు ఉంటాయి, ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు వరకు మార్కు వేసి, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో దానికీ కలుపుతాం. సైనిక బోర్డు లెక్క వేరు, వారికి వారి మార్గదర్శకాలున్నాయి. అయినా మీరు రాసే పేజీకి ఈ నాలుగు భాగాలు చక్కగా పనికివస్తాయి. ఆయన స్నానం, గడ్డం సంగతి మీరు గుర్తు చేయాల్సి వస్తున్నదా, చుట్టాల ఇళ్ళకు వెళ్ళడం ఎప్పటి నుంచి మానారు, బ్యాంకు పని ఎవరు చేస్తున్నారు అని ఆలోచిస్తే పేజీ దానంతటదే నిండుతుంది.

మద్యం తాగే అలవాటుంటే అదీ నిజమే చెప్పాలి. నిద్ర కోసం తాగడం మొదలుపెట్టినవారు చాలామంది ఉంటారు, ఏది ముందు వచ్చిందో తెలిస్తేనే డాక్టరు సరిగా అంచనా వేయగలరు.

జవాబు
శ్రీకాళహస్తి నుంచి, ఒక మాజీ నాయక్

అక్కా, మీ వారికి కనీసం సర్వీసు వల్ల ముదిరిందని రాశారు. నాకు సర్వీసుకు సంబంధం లేదని రాసి, వైకల్య పెన్షన్ ఇవ్వలేదు. సదరం సర్టిఫికెట్ తీసుకున్నాను, దానితో మళ్ళీ సైనిక బోర్డును అడగవచ్చా? సుబేదారు గారు దయచేసి చెప్పాలి.

జవాబు
చిత్తూరు సుబేదారు

నాయక్ గారూ, సదరం పత్రం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి రాష్ట్ర పథకాల కోసం ఇచ్చేది. మీ జబ్బు ఇంకా ఉందనడానికి అది ఒక సాక్ష్యం అవుతుంది గానీ, జబ్బు సర్వీసులో పుట్టిందని అది చెప్పదు.

మీకు ఉపయోగపడేది ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. సైన్యంలో చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే, అది సర్వీసులోనే వచ్చిందని భావించాలి, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే అని అప్పటి నిబంధనలను బట్టి కోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి మీరు ఏ తేదీన సర్వీసు వదిలారన్నది ముఖ్యం. సైనిక వైద్యాధికారుల 2002 నాటి మార్గదర్శకాలలో, 2008 సవరణతో, యుద్ధ ప్రాంతం, తీవ్రవాద వ్యతిరేక విధులు, ఎత్తైన మంచు ప్రాంతాలు, మనుషులకు దూరమైన పోస్టులు వంటి చోట్ల మొదలైన మానసిక జబ్బును సర్వీసుకు ఆపాదించే వీలుంది. అందుకే మీ పోస్టింగుల తేదీలనూ జబ్బు మొదలైన తేదీనీ పక్కపక్కన పెట్టి చూపించండి. అప్పీళ్ళు అయిపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనం మన రాష్ట్రాన్ని చూస్తుంది. ఆలస్యం చేయవద్దు. ఆలస్యమైన పెన్షన్ కేసుల్లో గెలిచినా బకాయిలు మూడేళ్ళకే పరిమితం కావచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నోటుపుస్తకం నిన్ననే మొదలుపెట్టాము. ఆయన మొదట ఒప్పుకోలేదు గానీ, నేను రాస్తుంటే పక్కన కూర్చుని రెండు విషయాలు సరిదిద్దారు. అందులో ఒకటి రాయాలా వద్దా అని అడగడానికి వచ్చాను. "నేను లేకపోతే మీకే నయం" అని ఆయన అప్పుడప్పుడూ అంటారు. ఇది బోర్డులో చెబితే పిచ్చివాడని ముద్ర వేసి చేర్చుకుంటారేమోనని భయంగా ఉంది.

జవాబు
తిరుపతి మానసిక వైద్యురాలు

అమ్మా, అది తప్పకుండా రాయాలి, తప్పకుండా చెప్పాలి. ఆ మాట చెప్పినందుకు ఎవరూ ముద్ర వేయరు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచుతారు, అది ఆయన ప్రాణం కోసం.

కానీ దీనికి వచ్చే నెల బోర్డు దాకా ఆగకూడదు. ఈ వారంలోనే ఆయనకు మందులు రాస్తున్న డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి ఈ మాట యథాతథంగా చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మీరు చేసినా సరే, ఆయన చేసినా సరే. "చనిపోవాలనిపిస్తున్నదా" అని ఆయనను నేరుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అలాంటి రోజుల్లో ఆయనను ఒంటరిగా వదలకండి. మీది సేద్యం చేసే ఇల్లు కాబట్టి పురుగుమందు డబ్బాలను ఈ రోజే ఇంట్లోంచి తీసి నమ్మకమైనవారి దగ్గర పెట్టించండి, మాత్రల పెట్టె మీ దగ్గర ఉంచుకుని పూటపూటకూ మీరే ఇవ్వండి, లైసెన్సు తుపాకీ ఏదైనా ఉంటే పోలీసు స్టేషనులో అప్పగించండి.