1934కు ముందు హాలీవుడ్ సినిమాలు అంత ధైర్యంగా ఎలా వచ్చాయి?

బైరాగిపట్టెడ కుర్రాడు:
మేం తిరుపతిలో కొందరం కలిసి పాత సినిమాలు చూస్తుంటాం. మొన్న 1930 నాటి 'ది డివోర్సీ' చూశాం. మొగుడు తప్పు చేశాడని తెలిసి పెళ్ళాం తనూ అదే పని చేసి, లెక్క సరిపోయిందని అతని మొహం మీదే చెప్తుంది. ఆ పెళ్ళాంగా చేసిన నార్మా షియరర్‌కు దానికే ఆస్కార్ వచ్చింది! మరి సినిమాల్లో ఏం చూపించకూడదో చెప్పే నియమావళి కూడా 1930లోనే వచ్చిందంటారు కదా, ఇలాంటివి దాన్నెలా తప్పించుకున్నాయి?

కట్టమంచి అక్క:
తమ్ముడూ, అది ప్రభుత్వ చట్టం కాదు, స్టూడియోలు తమకు తాము రాసుకున్నది. మీరితే అడిగేవాడు లేడు. పైగా అప్పటి ఆర్థిక మాంద్యంలో జనం చేతిలో డబ్బుల్లేవు, హాళ్లు నిండాలంటే ఏదో ఒకటి గట్టిగా చూపించాలి. 1934లో క్యాథలిక్ సంఘాలు బహిష్కరిస్తామని దిగేసరికి స్టూడియోలకు టెన్షన్ పట్టుకుంది. ఆ జులై నుంచి, నియమావళిని అమలు చేసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు ఆమోద ముద్ర లేకుండా సినిమా వదిలితే 25 వేల డాలర్ల జరిమానా. ఆ నియమావళి 1968 దాకా నడిచింది.

చంద్రగిరి రవి:
అక్కా, ఆ సినిమాల్ని ధైర్యం అంటూ అంత పొగడాల్సిన పని లేదనిపిస్తుంది నాకు. సగం సినిమాలు ఒళ్లు చూపించి టికెట్లు అమ్ముకున్నవే కదా?

కట్టమంచి అక్క:
అలాంటివీ ఉన్నాయి రవీ, కాదనను. కానీ 1933లో వచ్చిన 'వైల్డ్ బాయ్స్ ఆఫ్ ది రోడ్' చూడు. ఇంట్లో తిండికి బరువు కాకూడదని పిల్లలు గూడ్సు బండ్లెక్కి పని వెతుక్కుంటూ పోతారు, ఒక పిల్లాడి కాలు రైలు కింద పడి పోతుంది. ఇక అదే ఏడాది వచ్చిన 'బేబీ ఫేస్'. కన్నతండ్రే మగవాళ్ల దగ్గరికి పంపిన అమ్మాయి న్యూయార్క్ వెళ్లి, ఒక బ్యాంకులో మగవాళ్లను వాడుకుంటూ అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతుంది. ఆ పాత్ర వేసిన బార్బరా స్టాన్విక్ కళ్లలో ఎక్కడా క్షమాపణ ఉండదు. న్యూయార్క్ సెన్సార్ వాళ్లు ఒప్పుకోకపోతే, మగవాళ్లను వాడుకోమని ఆమెకు చెప్పే ముసలాయన మాటల్ని నీతిబోధగా మార్చారు, చివర్లో ఆమెను మళ్లీ పేదరికంలోకి తోసి ఇంకో ముగింపు అతికించారు. కోతల్లేని ప్రింటు 2004లోగానీ దొరకలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. ఒంటి మీద బట్ట సంగతి సరే, తప్పు చేసిన ఆడది ఏడవకుండా బతకడమే వాళ్లకు భరించరానిదయింది.

బైరాగిపట్టెడ కుర్రాడు:
థాంక్స్ అక్కా. వచ్చే వారం 'బేబీ ఫేస్' పెడతాం, దొరికితే రెండు ప్రింట్లూ పక్కపక్కన. రవన్నా, నువ్వూ రా, అక్కడే తేల్చుకుందాం.