ఊరి పాటకు యజమాని ఎవరు?

చెరువుగట్టు:
మా నాయనమ్మ నాట్లు వేస్తూ పాడే పాటలు చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ తెలుసు. మూడేళ్ల క్రితం ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు వచ్చి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు పాటలు పాడించుకున్నారు. ఒక చీర, వెయ్యి రూపాయలు ఇచ్చారు. కాగితం ఏదీ రాసుకోలేదు. ఆ తర్వాత అందులో ఒక పాటకు కీబోర్డు, డప్పు జోడించి, వేరే గాయని చేత పాడించి విడుదల చేశారు. బాగానే ఆడింది. మాకూ ముచ్చటగానే అనిపించింది.

నాయనమ్మ పోయింది. సంవత్సరీకం నాడు నా ఫోనులో ఉన్న ఆమె పాటను యూట్యూబ్‌లో పెట్టాను. రెండో రోజే నోటీసు వచ్చింది: ఈ పాట హక్కులు ఫలానా ఛానల్‌వి, దీని మీద వచ్చే ప్రకటనల డబ్బు వాళ్లకే పోతుంది అని. ఆ పాట ఆమెకు నేర్పింది ఆమె మేనత్త. మేనత్తకు ఎవరు నేర్పారో మాకు తెలియదు.

నా మటుకు నేను, ఊరి పాట మీద కాపీరైటు అనేదే ఉండకూడదంటాను. మీరేమంటారు?

పల్లవిచరణం:
మీ బాధ అర్థమైంది. కానీ ఆ కోపంలో కాపీరైటునే తిట్టకండి. మన పాటల రచయితలకు ఆ మాత్రం ఆసరా దొరకడానికి ఎంత కాలం పట్టిందో తెలుసా? 1957 కాపీరైటు చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు, 1977లో, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. డబ్బిచ్చి పాట రాయించుకున్న నిర్మాతే దానికి మొదటి హక్కుదారు అని దాని సారాంశం. కవి ఒక్కసారి పారితోషికం తీసుకుంటే కథ ముగిసినట్టే. ఆ పాట రేడియోలో ఎన్ని వేలసార్లు మోగినా ఆయనకు పైసా రాదు. 2012 సవరణతో అది మారింది. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించే సందర్భం తప్ప, మిగతా చోట్ల వచ్చే రాయల్టీలో రచయితకూ సంగీత దర్శకుడికీ సమాన వాటా ఉండాలని, ఆ వాటాను వదులుకుంటానని సంతకం పెట్టినా చెల్లదని రాశారు. దాని కోసం రాజ్యసభలో హిందీ సినీ కవి జావేద్ అఖ్తర్ గట్టిగా పోరాడారు. ఇలాంటి హక్కును ఎత్తివేయమంటే నష్టపోయేది కలం పట్టినవాడే.

నల్లరేగడి:
ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. కర్త తెలియని ఊరి పాట ఎవరి సొత్తూ కాదు. ఆ ఛానల్‌కు ఉన్న హక్కు వాళ్ల రికార్డింగు మీద, వాళ్లు కొత్తగా చేర్చిన వాయిద్యాల కూర్పు మీద మాత్రమే. మీ ఫోనులోని నాయనమ్మ గొంతు మీద వాళ్లకు ఏ హక్కూ లేదు. అది మనిషి పెట్టిన ఫిర్యాదు కూడా కాకపోవచ్చు. రెండు పాటల్లో బాణీ ఒకటేనని యంత్రం పోల్చి పంపిన నోటీసు కావచ్చు.

ఇంకో మాట. చట్టం మీ నాయనమ్మను పూర్తిగా మరిచిపోలేదు. పాట ఆమెది కాకపోయినా, ఆ రోజు అరుగు మీద పాడిన పాడటం ఆమెది. దానికి ప్రదర్శకుల హక్కు ఉంది, 50 ఏళ్లు. వెయ్యి రూపాయలతో అది కరిగిపోదు.

చెరువుగట్టు:
ఉంది సరే. వకీలు ఫీజు ఎవరిస్తారు నల్లరేగడి గారూ?

సన్నజాజి:
అసలు చిక్కు అదే కదండీ. 2021లో ‘సారంగ దరియా’ పాట సినిమాలో వచ్చినప్పుడు గుర్తుందా? దాన్ని వెలుగులోకి తెచ్చింది తానేనని ఒక జానపద గాయని మాట్లాడితే, ఊళ్లో అందరూ పాడుకునే పాటకు నీ సొంతమేమిటని కొందరు, ఆమె లేకపోతే మీకు తెలిసేదా అని కొందరు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామని చెప్పారు. చెప్పింది ఆయన మర్యాద. చట్టం చెప్పించింది కాదు. సేకరించిన వాళ్లకు చట్టంలో చోటే లేదు. బిరుదురాజు రామరాజు గారు, నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నారు. ఆ పుస్తకాల్లోంచి పల్లవి ఎత్తుకుని పోయినవాళ్లు వాళ్ల పేరైనా చెప్పారా?

పల్లవిచరణం:
అందుకే నేను హక్కును పెంచమంటున్నాను. ఊరికో, కులవృత్తి గాయకులకో ఉమ్మడి హక్కు ఇస్తే సరిపోదా?

నల్లరేగడి:
సరిపోదు. రవీంద్రనాథ్ ఠాగూర్ పాటల సంగతి చూడండి. 1941లో ఆయన పోయారు. రచయిత పోయాక 50 ఏళ్ల దాకా హక్కు అనే అప్పటి లెక్కన 1991 చివరికి గడువు తీరాలి. తీరుతుందనగా ప్రభుత్వం 60 ఏళ్లకు పెంచింది. అలా 2001 చివరి దాకా, ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయం అనుమతి లేనిదే రికార్డు వేయడానికి లేదు. దేబబ్రత బిశ్వాస్ వంటి గాయకుడి పద్ధతికి వాళ్ల సంగీత మండలి అభ్యంతరం చెబితే, ఆయన విసిగిపోయి రవీంద్ర సంగీతం రికార్డు చేయడమే మానేశాడు. ఇక ఊరి పేరుతో ఒక సంఘం పెట్టి చూడండి. దానికి అధ్యక్షుడు ఎవరవుతారో మీకు తెలియదా! మీ నాయనమ్మ మాత్రం అవ్వదు.

పాతరేడియో:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. కాస్త పక్కదారి. ‘మాయాబజార్’ 1957 సినిమా. దాని రికార్డుల హక్కు 60 ఏళ్లకు, అంటే 2017 చివరికి తీరిపోయింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి సాహిత్యానికి 2031 చివరి దాకా ఉంది. సంగీతం చేసిన ఘంటసాల గారు 1974లో పోయారు. అంటే ఆయన కట్టిన బాణీలకు 2034. ఒకే పాటకు మూడు తాళాలు, మూడు తేదీలు. ఇది గుర్తుపెట్టుకుని ఎవరు పాడతారు? పెళ్లి ఊరేగింపులో బ్యాండువాళ్లు మాత్రం నిశ్చింతగా వాయించుకోవచ్చు. దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

సన్నజాజి:
2017లోనే కదా, ఇళయరాజా గారి వకీలు నోటీసు పంపారని బాలు గారు అమెరికా కచేరీల్లో ఇళయరాజా పాటలు ఆపేశారు! అంత పెద్ద గాయకుడే ఆపేస్తే ఇక మనమెంత.

పల్లవిచరణం:
బాణీ కట్టినవాడు అడిగాడు. అడగకూడదా? టిక్కెట్టు పెట్టి పాడిన కచేరీ అది. బాలు గారి మీద నాకూ ప్రేమే, కానీ ప్రేమ వేరు, లెక్క వేరు.

నల్లరేగడి:
ఆ గొడవ ఇక్కడ మొదలైతే తెల్లవారుతుంది. చెరువుగట్టు గారూ, మీకొచ్చిన నోటీసు సంగతి ఏమైంది?

చెరువుగట్టు:
నోటీసును ప్రశ్నిస్తూ నింపాల్సిన ఫారం తెరిచాను. కారణం ఎంచుకోమన్నాడు: సొంత రచన, అనుమతి ఉంది, ఎవరి హక్కుల్లోనూ లేని పాట. చివరిదానికి టిక్కు పెట్టాను. కింద వివరణకు చోటుంది. నాయనమ్మ పేరు రాశాను. నేర్పిన మేనత్త పేరు కూడా రాద్దామని నాన్నను అడిగితే ఆయనకు తెలియదు. పెద్దత్తకూ తెలియదు. ‘గట్టు మీది అవ్వ’ అనేవారట. అదే రాశాను.

ఛానల్‌కు జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు. ఇవాళ పన్నెండో రోజు.